అంతర్జాలమున ఆప్తవాక్య విచారము: విద్యార్థుల వెబ్ పుటా నిర్మాణ పద్ధతి

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని నిరూపించుట పూర్వుల మర్యాద. దీనికి అనుబంధచతుష్టయమని పేరు. ఈ నాలుగును తెలియనిదే బుద్ధిమంతుడు గ్రంథపఠనమునకు పూనుకొనడని వారి ఆశయము. అంతర్జాలమును తెఱచి ఒక పదమును వెదకు నేటి విద్యార్థికి ఎదురగు వేలకొలది పుటలలో ఈ నాలుగింటిని చెప్పుకొన్నవి మిక్కిలి అరుదు. ఎవరు వ్రాసిరో, ఎవరికొఱకు వ్రాసిరో, ఏ ప్రయోజనము నాశించి వ్రాసిరో తెలుపకయే ఆ పుటలు విషయమును చెప్పుచుండును. తక్కినవానిని చదువరియే వెదకి తెలిసికొనవలసి వచ్చినది. ఈ వెదకుటను నేర్పుటకై విద్యార్థుల చేతనే వెబ్ పుటలను వ్రాయించు పద్ధతి యొకటి 1990 దశకమున అమెరికాలో రూపొంది పలు దేశములకు వ్యాపించినది. దాని స్వరూపము, గుణదోషములు, ప్రాచ్యవిద్యాభ్యాసము చేయు విద్యార్థికి దానివలన గలుగు ఉపయోగము ఈ వ్యాసమున విచారింపబడును.

జెనీవా సమీపముననున్న సెర్న్ అను అణుభౌతిక పరిశోధనాసంస్థలో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో ఈ వెబ్ వ్యవస్థకు ప్రణాళికను సమర్పించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ దానిని మూల్యము లేకుండ సర్వజనోపయోగమునకు విడిచెను. వెబ్ పుటను వ్రాయుటకు వలయు సంకేతములు కష్టములు కావు. శీర్షిక ఇచ్చట మొదలు, ఇచ్చట ముగింపు. ఈ పదమును తాకినచో ఆ పుట తెఱచుకొనవలెను - ఇట్టి గుర్తులు కొన్ని తెలిసిన చాలును. కావుననే పండ్రెండేండ్ల బాలుడు సైతము పుటను వ్రాసి లోకమునకు చూపగలిగెను. గ్రంథప్రకటనమునకు వలసిన ముద్రాపకుడు, పరిష్కర్త, ధనము అనునవి ఇచ్చట అక్కఱలేదు. ఈ సౌలభ్యమే ఈ పద్ధతికి బలము. అదియే దాని దోషమునకును మూలము.

1995 ఫిబ్రవరి మాసమున కాలిఫోర్నియాలోని సాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ అను సహకారితో కలసి వెబ్‌క్వెస్ట్ అను బోధనాక్రమమును రూపొందించెను. దీనియందు ఉపోద్ఘాతము, చేయవలసిన పని, ఆధారములు, నడువవలసిన క్రమము, ఉపసంహారము మున్నగు భాగములుండును. విద్యార్థి చేసిన పనిని తూచు మూల్యాంకన భాగము తరువాత చేరినది. ఆధారములగు పుటలను గురువే ముందుగా ఎన్నుకొని ఇచ్చును. విద్యార్థి కాలము వెదకుటయందు వ్యయము కారాదనియు, లభించినదానిని విడదీయుటయందును, పోల్చుటయందును, కూర్చుటయందును వినియోగపడవలెననియు డాడ్జ్ ఆశయము. కావున అతడు పని యను భాగమునకు ప్రాధాన్యమిచ్చెను. పుటలోనున్నదానిని పుటలోనున్నట్లే ఎత్తి వ్రాయుట పని కాదు. చదివినదానిని మఱియొక రూపమునకు మార్చుటయే పని. ఇద్దఱు వాదుల పక్షములను పరిశీలించి తీర్పు చెప్పుట, భిన్నవృత్తులవారి దృష్టితో ఒకే సమస్యను చూచి కలసి నిర్ణయము చేయుట వంటివి ఇందులకు ఉదాహరణములు.

మీమాంసాశాస్త్రము నభ్యసించినవారికి ఇది క్రొత్తగా తోపదు. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అను అయిదంగములుగల అధికరణమునకును దీనికిని ఆకృతిలో పోలిక గలదు. అధికరణమునకు ప్రాణము సంశయము. సంశయము లేనిచోట విచారము పుట్టదు. వెబ్‌క్వెస్ట్ అను పేరుతో వెలువడిన అనేక పాఠములు ఈ ఒక్క అంగము లేకపోవుటచేతనే నిర్జీవములైనవి. 'ఈ పుటలను చూచి ఈ పది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు' అనునది విచారము కాదు, ఖాళీలను పూరించుట మాత్రమే.

గురువు ఎన్నిన పుటలను చదువుట మొదటి మెట్టయినచో, విద్యార్థియే వెదకి, తూచి, తానే పుటను వ్రాయుట రెండవ మెట్టు. ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము థింక్‌క్వెస్ట్. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ అండ్ సర్వీసెస్ అను లాభాపేక్షలేని సంస్థ, ఆలన్ వైస్ అనునతని నాయకత్వమున, 1996లో ఈ పోటీని ఆరంభించెను. విద్యార్థులు చిన్న జట్టులుగా ఏర్పడి, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణమున, తోడి విద్యార్థులకు ఉపయోగపడునట్టి వెబ్ పుటల సముదాయమును నిర్మింపవలెను. భిన్నదేశముల విద్యార్థులు ఒకే జట్టుగా కూడుటను ఆ సంస్థ ప్రోత్సహించెను. ఖగోళము, చరిత్ర, గణితము, సంగీతము మొదలగు విషయములపై వేలకొలది పుటాసముదాయములు ఆ విధమున వెలసినవి. 2002లో ఆ కార్యమును ఆరకిల్ విద్యాసంస్థ స్వీకరించెను.

ఇందలి విశేషమేమన, విద్యార్థి ఇచ్చట పరీక్షకుని కొఱకు వ్రాయుట లేదు. ఎవరో తెలియని చదువరి కొఱకు వ్రాయుచున్నాడు. పరీక్షాపత్రమున పొరపాటు వ్రాసినచో మార్కులు తగ్గును, అంతటితో తీరును. లోకమెదుట పెట్టిన పుటలో పొరపాటు వ్రాసినచో మఱియొకడు దానిని నమ్మును. అధ్యాపనమువలన అధ్యయనము దృఢమగునని పాఠశాలలలో పూర్వమునుండియు గల అనుభవము. పై తరగతి శిష్యుడు క్రింది తరగతివానికి పాఠము చెప్పుట అందులకే ఏర్పడినది. చెప్పబూనినప్పుడు గాని తనకు తెలియనిదేదో తనకు తెలియదు.

అయితే ఈ పుటలలో కూర్పులే ఎక్కువ, పరిశోధనము తక్కువ అను ఆక్షేపము నిరాధారము కాదు. వెదకుట యనగా యంత్రమున పదము నొకటి వేసి, మొదట వచ్చినదానిని గైకొనుట యని అనేకులు తలచిరి. దీని ఫలమెట్లుండునో చూపు కథ యొకటి ప్రసిద్ధము. 1998లో ఒకడు పరిహాసార్థమై ఒక పుటను కల్పించెను. అమెరికా వాయవ్యప్రాంతపు అరణ్యములలో చెట్లపై నివసించు ఆక్టోపస్ జాతి యొకటి కలదనియు, అది నశించుచున్నదనియు, దానిని రక్షింపవలెననియు అందులో వ్రాసెను. శాస్త్రీయనామము, చిత్రములు, ఉద్యమసంఘపు పిలుపు అన్నియు అందమర్చెను. 2000 దశకమున కనెక్టికట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ లూ, అతని సహచరులును ఏడవ తరగతి విద్యార్థులకు ఈ పుటను చూపగా, దాదాపు అందఱును దానిని విశ్వసనీయమనిరి. ఆ విద్యార్థులు చదువుటయందు మంచి నేర్పరులే. అది కల్పితమని తెలిపిన పిదపను కొందఱు ఆ జీవి కలదనియే వాదించిరట! శుక్తిని చూచి రజతమనుకొన్నవాడు 'ఇది రజతము కాదు' అను బాధకజ్ఞానము కలిగిన క్షణముననే దానిని విడుచునని శాస్త్రములు చెప్పును. ఈ బాలురు బాధకజ్ఞానము కలిగినను వెండిని విడువకపోవుట వింత.

బాలురనుటయేల? 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అను పరిశోధకులు ప్రకటించిన పరీక్షావివరము పండితులకును సిగ్గు కలిగించునదియే. చరిత్రలో డాక్టరేటు పొందినవారు 10 మంది, పత్రికలకై వార్తల సత్యాసత్యములను పరిశీలించు వృత్తివారు 10 మంది, ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులు 25 మంది - ఈ 45 మందికి కొన్ని పుటల నిచ్చి, అవి ఎంత నమ్మదగినవో చెప్పుమనిరి. ఒక ప్రశ్నలో రెండు పుటలుండెను. ఒకటి 1930లో స్థాపితమై, అరువదివేలకు మించిన సభ్యులుగల అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను శిశువైద్యుల సంఘమునది. మఱియొకటి 2002లో దానినుండి విడివడి, దాదాపు అదే పేరు పెట్టుకొన్న స్వల్పసంఘమునది. రెండు పుటలును చూపునకు గంభీరములే. విద్యార్థులలో సగమునకు మించినవారు చిన్న సంఘపు పుటయే ఎక్కువ నమ్మదగినదనిరి. చరిత్రకారులలోను పలువురు తేల్చుకొనజాలకపోయిరి. వృత్తిపరిశీలకులు మాత్రము పొరబడలేదు.

భేదమెచ్చట? పండితులు తమకు అలవాటైన రీతిని పుటను పైనుండి క్రిందికి శ్రద్ధగా చదివిరి. శైలి చూచిరి, ఉదాహృతగ్రంథముల పట్టిక చూచిరి, చిహ్నము చూచిరి. వృత్తిపరిశీలకులు ఆ పుటను చదువుటకు ముందే దానిని విడిచి, క్రొత్త కిటికీని తెఱచి, 'ఈ సంఘమును గూర్చి ఇతరులేమనుచున్నారు?' అని వెదకిరి. దీనికి ఆ పరిశోధకులు పెట్టిన పేరును తెలుగున పార్శ్వపఠనము అనవచ్చును. ఒక పుటయొక్క యోగ్యత ఆ పుటయందే దొరకదు, దాని ప్రక్కన దొరకును అని దీని సారము.

ఇచ్చట ప్రామాణ్యవాదము స్మరణకు వచ్చును. జ్ఞానముయొక్క ప్రామాణ్యము స్వతః సిద్ధమనియు, దోషము కనబడినప్పుడే అప్రామాణ్యము తెలియుననియు మీమాంసకులందురు. ప్రామాణ్యమును పరతః, అనగా ప్రవృత్తిసాఫల్యాది హేత్వంతరమువలననే తెలియునని నైయాయికులందురు. ఈ వాదమున ఎవరిది మేలు అను నిర్ణయము అటుండనిండు. లోకవ్యవహారమున మనుష్యుడు సహజముగా మీమాంసకుడే, విన్నదానిని బాధకము వచ్చువఱకు నమ్మును. నమ్మనిచో దినము గడువదు. కాని అంతర్జాలపు పుటను తెఱచినవాడు ఆ క్షణమున నైయాయికుడు కావలెను. విద్యార్థిచేత వెబ్ పుటను వ్రాయించు గురువు నేర్పవలసిన మొదటి పాఠము ఇదియే.

శబ్దప్రమాణలక్షణము సైతము ఇచ్చట పనికివచ్చును. ఆప్తుని ఉపదేశము ప్రమాణమని గౌతముని మతము. విషయమును సాక్షాత్తుగ నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడని భాష్యకారుడగు వాత్స్యాయనుడు వివరించెను. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమని కూడ అతడు చెప్పుట గమనింపదగినది. కులమును గాని, వేషమును గాని, పీఠమును గాని అతడు లక్షణమున చేర్చలేదు. పుటకు వేషము దాని రంగులు, చిహ్నములు. కావున విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు రెండు: వ్రాసినవానికి ఈ సంగతి తెలియుటకు అవకాశమున్నదా? తెలిసినదానిని తెలిసినట్లు చెప్పుటకు అతనికి అడ్డమగు లాభమేమైన నున్నదా? ఔషధమును గూర్చి ఔషధము నమ్మువాడు వ్రాసిన పుటలో మొదటిదానికి ఔనని సమాధానము రావచ్చును, రెండవదానికడనే చిక్కు.

ఇక సంఖ్యాబలమునుగూర్చి. ఒక సంగతి ఇరువది పుటలలో నున్నదిగదా, అన్నియు అబద్ధమగునా అని విద్యార్థులు వాదింతురు. తాళపత్రప్రతులతో పని చేసినవారు దీనిని ఒప్పుకొనరు. పూనాలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనాసంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణమునకై వేయికి పైగా వ్రాతప్రతులు పరిశీలింపబడినవి. అచ్చట పాఠమును నిర్ణయించినది తలలెన్ను లెక్క కాదు. ఒకే మాతృకనుండి పుట్టిన పది ప్రతులు పది సాక్షులు కావు, ఒకే సాక్షి. లేఖకుడు చేసిన ఒక ప్రమాదము తొమ్మిదింటను అట్లే యుండుటయే అవి ఒకదానినుండి పుట్టినవనుటకు గుర్తు. అంతర్జాలపు పుటలును ఇట్టివే. రెండు పుటలలో ఒకే అచ్చుతప్పు, ఒకే విచిత్రమైన వాక్యనిర్మాణము కనబడినచో వానికి మాతృక యొకటే యని విద్యార్థి గ్రహింపవలెను. వానిలో ఏది ముందుదో తేదీలనుబట్టి వెదకి, ఆ మూలమునకు చేరవలెను. ఈ విద్యలో ప్రాచ్యకళాశాలా విద్యార్థి తక్కినవారికంటె ముందే యున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు, అంతియే.

తెలుగు విషయమున ఇట్టి పుటానిర్మాణమునకు తగిన ఉదాహరణముగ భాగవతమును గైకొనవచ్చును. మొదట సులభమైనది. ఆంధ్రమహాభాగవతమందలి పద్యమేదైనను పోతనదే యని అనేక పుటలు చెప్పుచుండును. పంచమస్కంధము గంగన రచన, షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచన, ఏకాదశద్వాదశస్కంధములు వెలిగందల నారయ పూరించినవి. దీనిని నిశ్చయించుటకు పుటలతో పని లేదు. స్కంధాంతమునందలి గద్యయే కర్తను పేర్కొనును. విద్యార్థి ఆ గద్యను తెఱచి చూచిన చాలును. ఇరువది పుటలు ఒకవైపు, గద్య ఒకవైపు నున్నచో గద్యయే నెగ్గును. కర్తృత్వమును గూర్చిన తప్పులలో చాలవఱకు గ్రంథమును తెఱవకపోవుటవలన వచ్చినవే.

రెండవది కఠినము. పోతన నివాసము బమ్మెరయా, ఒంటిమిట్టయా? ఈ వాదము అంతర్జాలముకంటె ఎంతయో పూర్వపుది. కవి తన గ్రంథావతారికలో ఏకశిలానగరమును పేర్కొనెను. ఆ పేరు ఓరుగల్లునకును గలదు, ఒంటిమిట్టకును చెప్పుదురు. వాదమంతయు ఈ ఒక్క పదముచుట్టును తిరుగుచున్నది. బమ్మెర నేడు తెలంగాణమున జనగామ జిల్లాలో నున్నది. ఒంటిమిట్ట ఆంధ్రప్రదేశమున కడప సీమలోనిది. 2014లో రాష్ట్రవిభజనము జరిగిన పిమ్మట 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీరామనవమి కల్యాణోత్సవమును ఒంటిమిట్టలో అధికారికముగ నిర్వహించుచున్నది. కావున ఇటీవలి పుటలలో కవిభక్తితోపాటు ప్రాంతాభిమానమును పాలుపంచుకొనుట సహజము. ఇట్టి విషయమున విద్యార్థి చేయవలసినది తీర్పు చెప్పుట కాదు. బమ్మెరపక్షమును, ఒంటిమిట్టపక్షమును వేర్వేఱుగ, వారి వారి యుక్తులతో, ఎదుటివాడు చదివినను 'నా మాటను సరిగా చెప్పినాడు' అనునట్లు వ్రాయవలెను. తన ఊరు ఏ సీమలోనున్నదో పుటనుబట్టి చదువరికి తెలియరాదు. పూర్వపక్షమును బలహీనముగ చెప్పి ఖండించుట శాస్త్రమర్యాద కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

తెలుగులో వెదకుటయందు మఱియొక క్లేశము గలదు. యూనికోడ్ అను సర్వభాషాలిపిసంకేతమున 1991 నాటి మొదటి ప్రకటనముననే తెలుగునకు స్థానము లభించినను, అది వాడుకలోనికి వచ్చుటకు చాల ఏండ్లు పట్టినది. అంతవఱకు ఒక్కొక్క పుటకు ఒక్కొక్క ఫాంటు. అట్టి పుటలు కంటికి తెలుగుగానే కనబడినను వెదకు యంత్రమునకు అర్థము లేని అక్షరములు. ఇప్పుడును యంత్రము వ్రాసిన అక్షరములనే వెదకును, పదమును వెదకదు. భాగవతము, భాగవతం, భాగవతంబు అను మూడును దానికి ఎల్లప్పుడు ఒకటి కావు. కావ్యమున ద్రుతము చేరి ఏకశిల నేకశిలయగును. సంధిలో పడి పదము దాగికొనును. శకటరేఫమును సాధురేఫముగ వ్రాసినచోట ఒక రూపము, అట్లు వ్రాయనిచోట మఱియొక రూపము. సంస్కృతసమాసముల సంగతి చెప్పవలయునా? కావున పదచ్ఛేదము తెలిసినవాడే ఈ యంత్రముచేత పని చేయించుకొనగలడు. సంధిసూత్రములను వల్లించిన విద్యార్థి ఒక పదమునకు రాదగిన రూపములు నాలుగింటిని ముందుగ కాగితముపై వ్రాసికొని, నాలుగింటిని వెదకవలెను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు చిత్రించిన తెలుగు గ్రంథములు అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ పుటలో లభించుచున్నవి. కాని గ్రంథనామములు రోమనులిపిలో పలువిధముల తప్పులతో ఎక్కింపబడినవి. ఒక పేరుతో దొరకని పుస్తకము మఱియొక వర్ణక్రమముతో దొరకును. ఓపిక లేనివాడు ఆ గ్రంథము లేదనుకొని తిరిగిపోవును.

వెదకి తెచ్చినదానిని గుర్తించి వ్రాయుట యొక వ్రతము. పుట పేరు, వ్రాసినవాని పేరు, చూచిన తేదీ అను మూడును అవశ్యములు. తేదీ ఎందులకన, తాళపత్రముకంటె వెబ్ పుటకు ఆయుష్షు తక్కువ. 2013లో ఉండిన వెబ్ పుటలలో 38 శాతము పదియేండ్ల తరువాత అందుబాటులో లేవని ప్యూ పరిశోధనాసంస్థ 2024లో తెలిపినది. విద్యార్థుల పుటలు ఇంకను అల్పాయుష్కములు. ఉచితముగ పుటల నుంచుకొనుటకు చోటిచ్చిన జియోసిటీస్ అమెరికాలో 2009లో మూతపడినది. థింక్‌క్వెస్ట్ గ్రంథాలయము 2013 జులైలో మూతపడినది. పదునేడేండ్లు బాలబాలికలు శ్రమించి వ్రాసినది ఒక్క దినమున కనుమఱుగైనది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ 1996 నుండి పుటలకు ప్రతులు తీయుచు, 2001 నుండి వానిని ఎల్లవారికి చూపుచుండుటవలన కొంత మిగిలినది. చెదలు తిన్న సంచికను చూచి దుఃఖించినవారికి ఈ నష్టమెట్టిదో తెలియును. చెదలకైన కొంతకాలము పట్టును.

ఇటీవల మఱియొక చిక్కు తోడైనది. 2022 చివరనుండి అడిగిన వెంటనే వ్యాసమును వ్రాసి యిచ్చు యంత్రములు సామాన్యులకు లభ్యమైనవి. అవి వ్రాసిన పుటలకు కర్త యెవడు? వేదము అపౌరుషేయమనియు, దోషములు వక్తనాశ్రయించునవి గనుక వక్త లేని వాక్యమున దోషము లేదనియు మీమాంసకులు. ఈ యంత్రవాక్యమును అపౌరుషేయమని ఎవడైన మురియునేమో! దీనికి వక్త లేకపోలేదు, వేలకొలది వక్తలున్నారు. వారి దోషములన్నియు కలసి, ఎవనిది ఏదియో తెలియకుండ పోయినవి. లేని గ్రంథమునకు పేరు పెట్టుట, లేని శ్లోకమును ఉన్న కవికి అంటగట్టుట ఈ యంత్రములకు తెలిసిన విద్య. మాతృక లేని ప్రతి యిది. దీనియెడ పార్శ్వపఠనము తప్ప గత్యంతరము లేదు: అది చెప్పిన గ్రంథము కలదా, ఆ గ్రంథమున ఆ మాట కలదా అని చూచుటయే.

కళాశాలలో ఈ పని మొదలిడుటకు గొప్ప సాధనసామగ్రి వలయునని శంకింపనక్కఱలేదు. ఒక కంప్యూటరు, నలుగురు విద్యార్థులు, వివాదముగల ఒక చిన్న ప్రశ్న, ఆఱు వారముల కాలము చాలును. మొదటి రెండు వారములు పుటను ముట్టుకొనకుండ గ్రంథాలయముననే గడపవలెను. తరువాత రెండు వారములు వెదకి, దొరకిన ప్రతి పుటకును 'మాతృక ఏది' అను గడిలో సమాధానము వ్రాయవలెను. ఆ గడి ఖాళీగ నున్న పుటను ఆధారముగ గైకొనరాదు. కడపటి రెండు వారములు రచనకు. నలుగురిలో ఒకడు తక్కిన మువ్వురు వ్రాసిన ప్రతి వాక్యమును ఆక్షేపించు ప్రతివాదిగ నుండవలెను, వారమునకొకనికి ఆ వంతు మాఱవలెను. గురువు పుటను దిద్దరాదు. ఏ వాక్యమునకు ఆధారమేదియో అడుగుట మాత్రమే అతని పని. పోతన నివాసమును గూర్చిన పుటయైనచో చివర 'ఇది ఇంకను తేలలేదు' అని ఒక పంక్తి, దాని క్రింద నలుగురి పేర్లు, తేదీ ఉండవలెను.